డెలె బీ1: వెర్బ్ టేబుల్స్ బట్టీపట్టి ఒకసారి ఫెయిలైనదాని అనుభవం

ఫ్రెండ్స్, స్పానిష్‌లో డెలె బీ1 (స్పానిష్ ఎంత వచ్చో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్ష, అందులో బీ1 మధ్య స్థాయి) రాద్దామనుకుంటున్న వాళ్ళ కోసం ఇది. నేను రెండోసారికి గట్టెక్కా, ఫస్ట్ టైమ్ ఎక్కడ దెబ్బతిన్నానో చెప్తే మీకు ఒక ఫీజన్నా మిగులుతుంది కదా అని రాస్తున్నా.

రీడింగ్, రైటింగ్ కలిపి ఒక గ్రూపు, లిజనింగ్, స్పీకింగ్ కలిపి ఇంకోటి, ఒక్కోటి 50 మార్కులు, రెండిట్లోనూ విడివిడిగా 30 రావాలి, ఒకదాంట్లో 45 వచ్చినా రెండోదాంట్లో 29 అయితే ఫెయిలే. నాకు మొదటి గ్రూపులో 27. రైటింగ్ ముంచింది, అందులోనూ వెర్బులే.

చదవలేదా అంటే ఎక్కాలు చదివినట్టు చదివా. ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా, ఆబ్లామోస్ (మాట్లాడతాను, మాట్లాడతావు...) నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. తీరా చిన్నప్పటి సెలవుల గురించి రాయాల్సి వచ్చేసరికి, ‘ఎండాకాలం అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్ళేదాన్ని’ అనే మాటని బుర్రలో ముందు ఇంగ్లీషులోకి తిప్పా, అక్కడ ‘వెంట్’ వచ్చింది కదాని స్పానిష్‌లో ‘ఫుయ్’ అని రాసేశా. ఫుయ్ అంటే వెళ్ళాను, ఒకసారి వెళ్ళా, అయిపోయింది. వెళ్ళేదాన్ని అనాలంటే ‘ఈబా’. పేజీ నిండా ఇదే తప్పు!

ఫెయిలయ్యాక ఒకరోజు ఆ వ్యాసాన్నే తెలుగులో రాసుకున్నా. ‘చెట్టెక్కుతుంటే కొమ్మ విరిగింది’. చూడండి, ఎక్కుతుంటే అన్నది ‘సుబీయా’, విరిగింది అన్నది ‘సే రోంపియో’. మనకి పుట్టుకతో వచ్చిన తేడాని నేను రెండేళ్ళు ఇంగ్లీషు గ్రామర్ పుస్తకంలో వెతికా. తిన్నాను అంటే ‘కొమీ’, తినేదాన్ని అన్నా తింటూ ఉన్నా అన్నా ‘కొమీయా’. ఇల్లు పెద్దగా ఉండేది, ‘ఎరా గ్రాందే’. పైగా ఈ ఇంపర్ఫెక్ట్‌లో, అంటే ‘వెళ్ళేదాన్ని’ రకం రూపంలో, దారి తప్పే వెర్బులు మొత్తం భాషలో మూడంటే మూడే, సేర్ (ఉండటం), ఈర్ (వెళ్ళటం), బేర్ (చూడటం). (సేర్‌కీ ఈర్‌కీ ప్రెటెరిట్, అంటే ‘వెళ్ళాను’ రకం రూపం, మాత్రం ఒకటే, రెండిటికీ ఫుయ్. ఎవడు పెట్టాడో గానీ.)

ఒక్కచోట జాగ్రత్త. ‘మూడేళ్ళు పుణెలో ఉండేదాన్ని’ అని మనం మామూలుగా అనేస్తాం, కానీ ఎన్నాళ్ళో లెక్క చెప్పేసి ముగించిన పని కాబట్టి స్పానిష్‌లో అది ‘బిబీ’ (ఉన్నాను), ‘బిబీయా’ (ఉండేదాన్ని) కాదు. నాకు ఇప్పటికీ ఇక్కడ చెయ్యి తడబడుతుంది.

‘వచ్చాను’ అంటే నేను అని వేరే చెప్పక్కర్లేదు కదా, అక్కడా అంతే, ప్రతి వాక్యానికీ ‘యో’ (నేను) తగిలించకండి. కాకపోతే ‘ఈబా’ నేనుకీ అతనికీ ఆమెకీ ఒకటే, అందుకని కన్‌ఫ్యూజన్ ఉన్నచోట పెట్టాలి. ‘నాకు మామిడిపళ్ళు ఇష్టం’ మన పద్ధతిలోనే ‘మే గూస్తాన్’, పళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి చివర న్. ఇంగ్లీషులో ఆలోచించే వాళ్ళకి ఇది నెలలు పడుతుంది, మనకి నచ్చుతాయి అనుకుంటే చాలు.

కానీ ‘మీరు’ దగ్గర మన తెలుగే నన్ను ముంచింది. గౌరవం అంటే బహువచనం అనే అలవాటుతో స్పీకింగ్‌లో ఎదురుగా ఉన్న ఒక్క మేడమ్‌ని ‘త్యేనేన్’ (మీ అందరికీ ఉందా) అని అడిగా, ఆవిడ పక్కన ఎవరన్నా ఉన్నారా అన్నట్టు ఒకసారి చూసింది. గౌరవంగా ‘మీరు’ అనే ‘ఉస్తెద్’ ఒక్కరికి, దానికి ‘త్యేనే’.

ఇంక అక్షరాల మీద పెట్టే గీతలు. ‘ఆబ్లో’కి చివర గీత ఉంటే అతను మాట్లాడాడు, లేకపోతే నేను మాట్లాడతాను. నేను హడావుడిలో గీతలన్నీ ఆఖర్న పెడదామని వదిలేశా, బెల్లు కొట్టేశారు. రాస్తూ రాస్తూనే పెట్టేయండి.

రెండోసారికి టేబుల్స్ పక్కన పడేసి, తెనేర్, అసేర్, పొదేర్, బెనీర్, దెసీర్ లాంటి ఒక పది మొండి వెర్బులు తీసుకుని రోజూ రాత్రి ఆరు లైన్ల డైరీ రాశా, ముందు తెలుగులో, కింద స్పానిష్‌లో. అమ్మ ఆ తెలుగు లైన్లు చదివి ‘ఈ వెళ్ళేదాన్ని తినేదాన్ని గోల ఏంటే’ అంది. మొదటి గ్రూపులో 38 వచ్చాయి.