వగరు కరిగేదాకా: ఒక సేన్ జూలియన్ వైన్‌తో రెండు సాయంత్రాలు

ఫ్రాన్స్‌లోని సేన్ జూలియన్ ఊరి ఎర్ర వైన్ లేయోవిల్ బార్టన్, 2005 పంటవి, నా దగ్గర మూడు సీసాలు ఉండేవి. మొదటిదాన్ని 2014లో తొందరపడి తెరిచాను. రెండోదాన్ని దానికి ఇరవయ్యేళ్ళు నిండాక, మొన్నీమధ్యనే తెరిచాను. మొదటి సాయంత్రం నేను రాసుకున్న చీటీ ఇంకా భద్రంగానే ఉంది. "బిగుసుకుపోయి ఉంది. నోరంతా వగరు. పండు ఎక్కడో అడుగున ఉంది. పేరుకు తగ్గట్టు లేదు" అని అందులో ఉంది. మొదటి మూడు వాక్యాలకు ఈనాటికీ కట్టుబడి ఉన్నాను. నాలుగోదే తప్పు, ఆ తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి నాకు రెండో సీసా అవసరమైంది.

సేన్ జూలియన్ బోర్డో నగరానికి ఉత్తరాన, జిరోంద్ నదీముఖానికి ఎడమ గట్టున, మెదోక్ ప్రాంతంలో ఉంది. అక్కడి నేల గులకరాళ్ళ నేల. వాన నీరు నిలవకుండా కిందికి ఇంకిపోతుంది, పగటి వేడిని రాళ్ళు పట్టి ఉంచుతాయి కాబట్టి ఆలస్యంగా పండే కాబర్నే సోవిన్యోఁ ద్రాక్షకు అది బాగా నప్పుతుంది. పారిస్ ప్రదర్శన సందర్భంగా 1855లో మెదోక్ తోటలను ఐదు శ్రేణులుగా వర్గీకరించినప్పుడు ఈ ఊరికి మొదటి శ్రేణి ఒక్కటీ దక్కలేదు. రెండో శ్రేణిలో మాత్రం లేయోవిల్ పేరుతోనే మూడు తోటలున్నాయి. ఒకప్పుడు ఒకటిగా ఉన్న పెద్ద ఎస్టేటు ముక్కలవగా మిగిలినవే ఆ మూడూ. వాటిలో ఒక భాగాన్ని ఐర్లండ్ మూలాలున్న హ్యూ బార్టన్ 1826లో కొన్నాడు, ఇప్పటికీ అది ఆ కుటుంబం చేతిలోనే ఉంది. ఈ తోటకు సొంత భవనం లేదు. లేబుల్ మీద ఠీవిగా కనిపించే భవనం అదే కుటుంబానికి చెందిన లాంగోవా తోటది.

వగరు సంగతికి వస్తాను. తెలుగులో మనం దాన్ని ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కపెడతాం, కానీ వైన్ ముందు కూర్చున్నప్పుడు దాన్ని రుచిగా కాక స్పర్శగా భావిస్తేనే పని జరుగుతుంది. ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ, కొంతవరకు ఓక్ పీపాల నుంచీ వచ్చే టానిన్లు మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి. నోటికుండే జారుడుతనం తగ్గి, నాలుక అంగిలికి రాసుకుంటున్నట్టు అనిపిస్తుంది. అందువల్ల "ఎంత వగరు" అని మాత్రమే అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. అది చిగుళ్ళ మీద గరుకుగా ఉందా, సన్నని పొడిలా పరుచుకుందా, గుక్క మింగాక చేదుగా మిగిలిందా, లేక మెల్లగా సద్దుమణిగి వెనక నుంచి పండు రుచిని పైకి రానిచ్చిందా అన్నది మిగతా సగం. పండని గింజల నుంచి వచ్చే పచ్చి వగరు ఎన్నేళ్ళు దాచినా మెత్తబడదు. పండిన తొక్కల వగరుకు ఆ అవకాశం ఉంది. 2005లో బోర్డోలో వానలు తక్కువ. ద్రాక్ష పళ్ళు చిన్నవిగా, తొక్కలు దళసరిగా వచ్చిన పంట అది. కాబట్టి 2014లో నా నోటిని బిగించింది ఆ సంవత్సరపు సహజగుణమే తప్ప లోపం కాదు. వగరు చేదుగా మిగలలేదని నా చీటీలోనే మరో మూల రాసుకుని కూడా దాని అర్థాన్ని పట్టించుకోలేదు. అంతకన్నా ఘోరం, సీసాలో మిగిలిన సగం వైన్‌ను మర్నాడు రుచి చూడకుండానే వంటలో పోశాను.

ఈసారి తొందరపడలేదు. పడుకోబెట్టి ఉంచిన సీసాను ముందు రోజే నిటారుగా నిలబెట్టాను. ఇన్నేళ్ళలో రంగు పదార్థాలూ టానిన్లూ ఒకదానితో ఒకటి ముడిపడి పెద్ద అణువులవుతాయి, వాటిలో కొన్ని కరిగి ఉండలేక మడ్డిగా దిగుతాయి. ఆ మడ్డి పూర్తిగా అడుగు చేరాలి. బిరడా పాతదైనా ముక్కలు కాకుండా వచ్చింది, తడి అంచు దాటి పైకి పాకలేదు. సీసా మెడ వెనక దీపం పెట్టి, మడ్డి సన్నని నల్లటి తీగలా మెడ దాకా రాగానే ఆపేస్తూ, గాజు కూజాలోకి వంపాను. అడుగున మిగిలింది రెండు మూడు గుక్కలకు మించదు.

గ్లాసును తెల్ల కాగితం మీద వంచి చూస్తే నడుమ ఇంకా చిక్కటి ఎరుపే. అంచున మాత్రం వేలి గోరంత వెడల్పున ఇటుక రంగు ఛాయ తిరిగింది. ఇరవయ్యేళ్ళకు ఇంత తక్కువగా మారడం మంచి సూచనే అయినా, రంగును చూసి తీర్పు చెప్పడం నాకు ఇష్టముండదు. కళ్ళు ముక్కును సులువుగా మోసం చేస్తాయి. వాసనలో మొదట వచ్చింది దేవదారు చెక్క, అప్పుడే చెక్కిన పెన్సిల్ పొట్టు. కాసేపటికి బ్లాక్‌కరెంట్, తాజా పండుగా కాదు, సగం ఎండినట్టుగా. గంట గడిచాక పొగాకు. ఇంకా ఆలస్యంగా కొద్దిపాటి తోలు వాసన వచ్చింది. దాన్ని కొందరు వయసు తెచ్చిన హుందాతనం అంటారు, కొందరు బ్రెట్టనోమైసిస్ అనే ఈస్ట్ చేసిన పాడు అంటారు. ఇక్కడ అది పండును కప్పేయనంత తక్కువగా ఉంది కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేదు.

నోట్లోకి తీసుకున్న తొలి గుక్కలో వగరు అక్కడే ఉంది, కానీ దాని రూపం మారింది. 2014లో చిగుళ్ళను గట్టిగా పట్టిన పిడికిలి ఇప్పుడు తెరుచుకుని అరచేయి అయింది. దాని కింద పులుపు సన్నగా, నిలకడగా ఉండి నోరు మళ్ళీ ఊరేలా చేస్తోంది. పాత వైన్‌ను చూసేటప్పుడు నేను మొదట వెతికేది ఈ పులుపునే, ఎందుకంటే కాలంతో వగరు తగ్గుతుంది, పండు వాడుతుంది, పులుపు మాత్రం చాలావరకు ఉన్నచోటే ఉంటుంది. మొదట్లోనే పండు పలచగా ఉన్న వైన్‌లో వగరు కరిగేసరికి పుల్లటి నీళ్ళు తప్ప మరేమీ మిగలవు. ఇక్కడ పండు ముందే అలసిపోలేదు.

గుక్క మింగాక రుచి నిలిచే కాలాన్ని ఫ్రెంచి వాళ్ళు కొదాలీలలో లెక్కిస్తారు. ఒక కొదాలీ ఒక సెకను. నేను గడియారం చూసి లెక్కపెట్టాను. మొదటి గుక్కకు పది, రెండు గంటల తర్వాత పద్నాలుగు. అంకెల మీద నాకు పెద్ద నమ్మకం లేదు, వందకు ఇన్ని మార్కులని వేసే పద్ధతి మీద అసలే లేదు. అయినా గాలి తగిలినకొద్దీ లెక్క పెరిగిందే గాని తగ్గలేదన్నది మాత్రం నాకు ముఖ్యం.

పాత తప్పు గుర్తుండబట్టి, ఈసారి మూడో వంతు వైన్‌ను చిన్న సీసాలోకి మార్చి మూత బిగించి ఉంచాను. మర్నాడు సాయంత్రానికి దేవదారు వాసన వెనక్కి తగ్గి, పండు ముందుకొచ్చింది, వగరు ఇంకాస్త నునుపు తేలింది. ముందు రోజుకన్నా అదే బాగుందని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఒక రోజంతా గడిచినా నీరసించని వైన్ సీసాలో ఇంకొన్నేళ్ళు నిలుస్తుందని అనుకోవచ్చు; కచ్చితమైన కొలమానం కాకపోయినా, ఇంట్లో చేసుకోగలిగిన పరీక్షల్లో దీన్నే నేను ఎక్కువగా నమ్ముతాను.

మూడో సీసాను మళ్ళీ చీకటి అరలో పడుకోబెట్టి, మెడకు 2032 అని రాసిన చీటీ కట్టాను. ఆ చీటీ వెనక వైపు 2014 నాటి నా నాలుగో వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి మరీ రాశాను.