జార్జ్ బెస్ట్ లివరూ, నా లివరూ

ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్ పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు అనే మాట ఇది, "ఎవరో దానం చేసిన లివర్ పెట్టి బతికిస్తే మళ్ళీ తాగి చచ్చాడు, అదే ఇంకొకడికి పెట్టుంటే వాడన్నా బాగుపడేవాడు" అని. జరిగింది నిజమే. 1968లో మాంచెస్టర్ యునైటెడ్‌తో యూరోపియన్ కప్పు గెలిచి, అదే ఏడాది యూరప్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్న మనిషికి 2002లో లండన్ కింగ్స్ కాలేజ్ హాస్పిటల్లో లివర్ మార్చారు, 2003 కల్లా మళ్ళీ తాగుడు మొదలైపోయింది, 2005 నవంబర్ 25న పోయాడు, అప్పటికి 59 ఏళ్ళు. నేను ఈ మాట విన్నది మాత్రం లివర్ వార్డులో పడుకుని. పక్క బెడ్ ఆయన్ని చూడ్డానికొచ్చినవాళ్ళు టీవీలో ఫుట్‌బాల్ వస్తుంటే మాట్లాడుకుంటున్నారు, నాకేమో కళ్ళు పచ్చగా, పొట్ట నిండా నీరు, కాళ్ళు వేలితో నొక్కితే గుంట పడేంత వాపు. ఒకాయన "వాడి ఖర్మ, చేతులారా చేసుకున్నాడు" అన్నాడు, ఇంకొకాయన "పాపం అదో జబ్బు కదండీ, వాడు మాత్రం ఏం చేస్తాడు" అన్నాడు. రెండూ విన్నా. వీళ్ళలో ఎవరిది రైటో నాకు తెలీదు గానీ రేపు పొద్దున లేచి నేను ఏం చెయ్యాలో ఇద్దరిలో ఒక్కరూ చెప్పట్లేదు అనిపించింది. ఇదంతా రాస్తున్నది దాని గురించే.

నాకు ఫుట్‌బాల్ అంటే పిచ్చి, 1990 వరల్డ్ కప్ సెమీఫైనల్లో ఎల్లో కార్డు పడగానే ఇంగ్లాండ్ ఆటగాడు గ్యాస్కోయిన్ కళ్ళల్లో నీళ్ళు తిరగడం చూసినప్పటి నుంచీ. పెద్దయ్యాక రాత్రి మ్యాచ్ అంటే పక్కన గ్లాసు ఉండాల్సిందే అన్నట్టు అయింది, తర్వాత మ్యాచ్ లేని రాత్రి కూడా గ్లాసు ఉండేది, ఆ తర్వాత పొద్దున చేతులు వణక్కుండా ఉండాలంటే అదే కావాల్సి వచ్చేది. ఆకలి పోయింది, భుజాల దగ్గర కండంతా కరిగిపోయింది, పొట్ట మాత్రం పెరుగుతూ వచ్చింది. చివరికి ఒక రాత్రి రక్తం కక్కుకుంటే హాస్పిటల్‌కి తీసుకెళ్ళారు. సిర్రోసిస్ అన్నారు. లివర్ గట్టిపడిపోతే పేగుల నుంచి వచ్చే రక్తానికి అందులోంచి పోయే దారి ఉండదు, అది పక్క దారులు వెతుక్కుంటుంది, అన్నవాహిక చివర్లో ఉండే సన్నటి రక్తనాళాలు ఆ ఒత్తిడికి ఉబ్బిపోయి ఏదో ఒకరోజు పగులుతాయి, నాకు జరిగింది అదే. ఎండోస్కోపీ గొట్టం లోపలికి పంపి వాటికి చిన్న చిన్న రబ్బరు బ్యాండ్లు వేసి కట్టేశారు. 1982 వరల్డ్ కప్పులో బ్రెజిల్ కెప్టెన్ సోక్రటీస్ కూడా 2011లో ముందు కడుపులో రక్తస్రావం అయి హాస్పిటల్లో చేరాడు, ఆ డిసెంబర్ 4న పోయాడు, 57 ఏళ్ళు. ఆయన స్వయంగా డాక్టర్. తెలిస్తే మానేస్తారు అనేవాళ్ళు ఆయన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఆ మొదటి రోజుల్లో నాకు పెద్దగా ఏం గుర్తులేదు, సీలింగ్ మీద చీమలు పాకుతున్నాయని కేకలు పెట్టానని మా ఆవిడ చెప్పింది. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాళ్ళు ఎవరో తిట్టారనో ఒట్టేయించారనో ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఆపెయ్యకండి. ఆపిన కొన్ని గంటల నుంచి రెండ్రోజుల లోపు ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి మతి తప్పి లేనివి కనపడటం, గుండె దడ, జ్వరం ఇవన్నీ మొదలవ్వచ్చు, దాంతో ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. హాస్పిటల్లో అయితే తగిన మందులిచ్చి మెల్లగా తగ్గిస్తారు, బీ1 విటమిన్ ఇంజెక్షన్ చేస్తారు, అది అందకపోతే మెదడు శాశ్వతంగా దెబ్బతినే అవకాశం ఉంది. మనోబలం ఉంటే చాలు అని సలహా ఇచ్చేవాళ్ళకి ఈ సంగతి తెలీదు.

వార్డులో నాకు బాగా గుర్తుండిపోయింది సంతకం. లివర్ పనిచెయ్యకపోతే అమ్మోనియా లాంటివి రక్తంలో ఉండిపోయి మెదడుకి ఎక్కి మనిషి మగతగా అయోమయంగా అయిపోతాడు, అది ఎంత వరకు వచ్చిందో చూడ్డానికి సిస్టర్ రోజూ పొద్దున ఒక రూళ్ళ నోట్‌బుక్కూ పెన్నూ ఇచ్చి "తారీఖు వేసి సంతకం పెట్టండి" అనేది. తర్వాత డాక్టర్ వచ్చి చేతులు ముందుకి చాచి, ట్రాఫిక్ పోలీసు ఆపినట్టు అరచేతులు పైకెత్తి పట్టుకోమనేవారు, నావి వద్దన్నా టపటపా కిందకి పడిపోయేవి. వందలోంచి ఏడు తీసుకుంటూ రమ్మనేవారు, 93 చెప్పి ఆగిపోయేవాణ్ణి. ఆ అమ్మోనియా బయటికి పోవడానికి లాక్టులోజ్ సిరప్ పట్టించి రోజుకి రెండు మూడు విరేచనాలు అవుతున్నాయో లేదో లెక్క రాసేవాళ్ళు. కాస్త తేరుకున్నాక ఆ నోట్‌బుక్ అడిగి తీసుకుని చూశా. మొదటి పేజీలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేసి రూళ్ళు దాటి కిందకి జారిపోయాయి, ఒకరోజు ఇంటిపేరు దగ్గరే ఆగిపోయింది, అక్కణ్ణించి పెన్ను గీత పేజీ అంచు దాకా వెళ్ళిపోయింది. పేజీలు తిప్పుతుంటే పొల్లులు తిరిగొచ్చాయి, ఒత్తులు తిరిగొచ్చాయి. నేను కోలుకోవడం అనేది నా కళ్ళతో చూసింది అక్కడే, రిపోర్టుల్లో కళ్ళు పచ్చబడేలా చేసే బిలిరుబిన్ తగ్గింది అంటే నాకు ఏమీ అనిపించలేదు గానీ ఇది చూసి ఏడ్చా.

డిశ్చార్జ్ అప్పుడు డాక్టర్ గారు చెప్పింది నేను ఎప్పటికీ మర్చిపోను. "మీరు ఎందుకు తాగారు అన్నది నాకు వద్దు. రోజూ పొద్దున బాత్రూంకి వెళ్ళొచ్చాక బరువు చూసుకోండి, టేపుతో పొట్ట కొలవండి, పుస్తకంలో రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆగకుండా ఫోన్ చెయ్యండి. ఉప్పు ఎక్కువైతే పొట్టలో నీరు చేరుతుంది, ఆ ఉప్పు మీ చేతుల్లో ఉంది, నా చేతుల్లో లేదు." అంతే. తిట్టలేదు, జాలిపడలేదు, పని చెప్పారు. అప్పటిదాకా బంధువుల్లో సగం మంది నన్ను చూసి తల తిప్పుకున్నారు, సగం మంది కళ్ళొత్తుకున్నారు, వాళ్ళ ప్రేమని నేను తక్కువ చెయ్యట్లేదు కానీ చేతిలో పని లేని జబ్బు మనిషికి ఆ రెండిటితోనూ రోజు గడవదు. మా ఆవిడ టేపు పట్టుకుని "ఏమండీ, నిన్నటికంటే పెరిగింది, ఏం తిన్నారు?" అని అడిగితే నాకు ప్రాణం లేచొచ్చేది, ఎందుకంటే దానికి నా దగ్గర జవాబు ఉంది, అది నేను మార్చగలిగింది.

ఆ వార్డు మంచం మీద టైం ఎక్కువ కాబట్టి ఆటగాళ్ళ గురించి చాలా చదివా, అందులో గెర్డ్ ముల్లర్ కథ నన్ను పట్టుకుంది. వెస్ట్ జర్మనీకి 62 మ్యాచ్‌ల్లో 68 గోల్స్, 1974 ఫైనల్లో నెదర్లాండ్స్ మీద గెలిపించిన గోల్ ఆయనదే. కెరీర్ చివర్లో అమెరికా వెళ్ళి ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఆడాడు, ఆట ఆగిపోయాక తాగుడు పూర్తిగా మింగేసింది. ఆలోచించండి, పదిహేనేళ్ళు పొద్దున ఎన్నింటికి లేవాలి ఏం తినాలి ఎక్కడికి రావాలి అన్నీ ఇంకొకరు చెప్పిన మనిషికి ముప్పై అయిదేళ్ళు దాటగానే ఒకరోజు నుంచి ఎవ్వరూ ఏమీ చెప్పరు, పైగా మోకాళ్ళ నొప్పులు, ఎక్కడికెళ్ళినా గ్లాసు చేతిలో పెట్టే అభిమానులు. 1991లో ఆయన పాత క్లబ్బు బేయర్న్ మ్యూనిక్‌లోని స్నేహితులు, హోనెస్ లాంటి వాళ్ళు పూనుకుని ట్రీట్‌మెంట్‌కి పంపారు. నాకు ముఖ్యం అనిపించింది దాని తర్వాతది. బయటికొచ్చాక ఆయనకి క్లబ్బులోనే కుర్రాళ్ళకి కోచింగ్ ఇచ్చే ఉద్యోగం ఇచ్చారు, ఏళ్ళ తరబడి రెండో టీమ్‌తో రోజూ గ్రౌండ్‌కి వెళ్ళాడు. 2021లో పోయాడు, 75 ఏళ్ళు, చివర్లో ఆల్జీమర్స్ వచ్చింది గానీ తాగుడు మాత్రం తిరిగి రాలేదు. క్లినిక్‌లో చేరడానికి ఒప్పుకున్నది ఆయన, చేయి పట్టుకుని తీసుకెళ్ళింది వాళ్ళు, తర్వాత రోజూ పొద్దున లేచి వెళ్ళింది మళ్ళీ ఆయన. ఇందులో బాధ్యత ఎవరిది అని ముక్కలు చెయ్యమంటే నాకు చేతకాదు.

జిమ్మీ గ్రీవ్స్ సంగతీ అంతే, ఇంగ్లాండ్‌కి 57 మ్యాచ్‌ల్లో 44 గోల్స్ కొట్టినాయన, 1978 ఫిబ్రవరిలో ఆపినవాడు 2021లో చనిపోయేదాకా ముట్టుకోలేదు, మధ్యలో టీవీలో ఫుట్‌బాల్ కబుర్లు చెప్తూ కొత్త తరానికి కూడా దగ్గరయ్యాడు. టోనీ ఆడమ్స్ ఆర్సెనల్ కెప్టెన్‌గా ఉంటూనే 1990 చివర్లో తాగి కారు నడిపిన కేసులో జైలుకెళ్ళొచ్చాడు, జైలు ఆయన్ని మార్చలేదు, ఆ తర్వాత ఇంకో అయిదేళ్ళకి పైగా తాగాడు. 1996లో తనంతట తానే నేను ఆల్కహాలిక్‌ని అని టీమ్ ముందు చెప్పాడు, 2000లో తనలాంటి ఆటగాళ్ళ కోసం స్పోర్టింగ్ ఛాన్స్ క్లినిక్ మొదలుపెట్టాడు. శిక్ష పడితే బుద్ధొస్తుంది అనేవాళ్ళకి ఆ మధ్య అయిదేళ్ళు చూపించాలి.

అలాగని పని ఇస్తే అందరూ బాగైపోతారు అని నేను అనను. బెస్ట్‌కి టీవీ పని ఉండేది, మారడోనా ఏకంగా అర్జెంటీనాకి కోచ్ అయ్యాడు, 2004లో ఐసీయూ చూశాడు, 2007లో తాగుడు వల్ల హెపటైటిస్ వచ్చింది, 60 ఏళ్ళకి 2020లో పోయాడు, అది కూడా బెస్ట్ పోయిన తారీఖే, నవంబర్ 25. జబ్బు తీవ్రత అందరికీ ఒకటి కాదు. తాగుడికి బానిసయ్యే గుణంలో సుమారు సగం వంశంలోంచి వస్తుందని కవల పిల్లల మీద చేసిన పరిశోధనలు చెప్తాయి. బెస్ట్ వాళ్ళ అమ్మ కూడా తాగుడుతోనే పోయింది, బ్రెజిల్ ఆటగాడు గరించా వాళ్ళ నాన్న పెద్ద తాగుబోతు, 1958, 1962 వరల్డ్ కప్పులు గెలిచిన గరించా 1983లో 49 ఏళ్ళకే లివర్ పాడై పోయాడు. మా నాన్న కూడా తాగేవారు. నేను ఎంచుకున్నది ఎంత, పుట్టుకతో వచ్చింది ఎంత అని కౌన్సెలింగ్‌లో చాలా తవ్వుకున్నా, అంకె తేలలేదు, తేలకపోయినా పొద్దున బరువు చూసుకోవచ్చు అని అర్థమయ్యాక మనసు కుదుటపడింది.

మాత్రల గురించి కూడా చెప్తా, చాలామంది అడుగుతున్నారు. డైసల్ఫిరామ్ అని ఒకటుంది, అది ఒంట్లో ఉండగా తాగితే ఆల్కహాల్ పూర్తిగా విరగకుండా మధ్యలో అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం దగ్గరే ఆగిపోయి మొహం ఎర్రబడి వాంతులు దడ అన్నీ వస్తాయి, ఆ భయంతో తాగరు అన్నమాట. బెస్ట్ దాన్ని ఏకంగా ఒంట్లోనే పెట్టించుకున్నాడు, చర్మం కోయించుకుని మరీ. అందుకే ఆయనకి మానాలని లేదు అంటే నేను ఒప్పుకోను, మానాలని లేనివాడు అంత దూరం వెళ్ళడు. నాకు లివర్ పాడైంది కాబట్టి అది ఇవ్వలేదు, దానికే లివర్‌ని దెబ్బతీసే గుణం ఉంది, బాక్లోఫెన్ ఇచ్చారు, అది కూడా మగత పూర్తిగా తగ్గాకే. తాగాలన్న యావ తగ్గింది, పోలేదు. అది వచ్చినప్పుడు మా ఆవిడకి చెప్పెయ్యడం నా పని, ఎందుకొచ్చింది అని అడక్కపోవడం తన పని, అలా మాట్లాడుకున్నాం.

ఏఏ, అంటే తాగుడు మానాలనుకునేవాళ్ళ సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్, మీటింగులకి వెళ్ళడం మొదలెట్టిన కొత్తలో వెనక కుర్చీలో కూర్చుని అయిపోగానే పారిపోయేవాణ్ణి. అక్కడ చాలా ఏళ్ళుగా తాగకుండా ఉన్న పెద్దాయన ఒకరు, పేరు చెప్పకూడదు, నా చేతిలో హాలు తాళంచెవి పెట్టి "తమ్ముడూ, వచ్చే వారం నుంచి అరగంట ముందొచ్చి నువ్వే తెరవాలి, కుర్చీలు వెయ్యాలి" అన్నారు. నేను రాకపోతే అంతమంది బయట నిలబడతారు. తాగి తాళం తియ్యలేను. ఆ తాళంచెవి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, కొత్తగా వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసే పని ఇస్తున్నా.

ప్రస్తుతం పొట్టలో నీరు లేదు, సిర్రోసిస్ మాత్రం పోలేదు, అది ఉన్నంత కాలం క్యాన్సర్ రిస్క్ ఉంటుంది కాబట్టి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్, మధ్యమధ్యలో ఎండోస్కోపీ. మా అబ్బాయికి ఈమధ్య వంశం సంగతి దాచకుండా చెప్పా, నీకు మిగతావాళ్ళ కంటే రిస్క్ ఎక్కువరా, మొదటి గ్లాసు దగ్గరే ఆలోచించు అని. వాడు కాసేపు ఆగి "మరి మ్యాచ్ ఉన్న రాత్రి నీకు కష్టంగా లేదా నాన్నా?" అన్నాడు. ఉంది, అందుకే రాత్రి చూడను. పదింటికి పడుకుంటా, పొద్దున ఇద్దరం స్కోరు తెలీకుండా ఫోన్లు పక్కనపెట్టి రికార్డింగ్ మొదట్నుంచీ చూస్తాం, హాఫ్ టైంలో నేను బరువు చూసుకుని రాస్తా, ఈమధ్య ఆ అంకె వాడే చదివి చెప్తున్నాడు.