చెట్ల సారాలతో రెండు పరీక్షలు: నా అనుభవం

ఔషధ చెట్ల సారంలో యాంటీఆక్సిడెంట్ బలం ఎంత, పక్క మొక్కను ఎంత అణిచిపెడుతుంది అన్న రెండు పరీక్షల్లోనూ సారం తీయడం కంటే కంట్రోల్ (సారం లేకుండా పోల్చి చూసే నమూనా) సరిగ్గా పెట్టుకోవడమే అసలు పని.

నల్లగొండ రోడ్ల పక్కన చెట్ల మొదళ్లకు సున్నం, ఎర్రరంగు పూసి ఉంటాయి; ఆ బెరడు నేను ముట్టను. పొలం గట్టు మీది వేప, కానుగ, వాగు ఒడ్డు తెల్లమద్ది నయం. అమ్రాబాద్ అడవిలోదైతే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. బెరడు ఒక పక్కనే అరచేతి వెడల్పు తీయాలి, చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది. తెల్లమద్ది పేరుతో నల్లమద్ది ఇచ్చేవాళ్లున్నారు కాబట్టి కాయలున్న కొమ్మ ఒకటి ఎండబెట్టి హెర్బేరియానికి (మొక్కల నమూనాల భాండారానికి) దాచుకుంటాను.

నీడలో ఆరబెట్టిన పొడి 10 గ్రాములు, మిథనాల్ 100 మి.లీ., షేకర్ మీద ఒక రోజు. వడగట్టి రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీల దగ్గర ఆవిరి చేయాలి. నీళ్ల సారమైతే ఇనుప గిన్నె వద్దు, టానిన్ ఇనుముతో కలిసి సిరాలా నల్లబడుతుంది.

యాంటీఆక్సిడెంట్ పరీక్షకు డీపీపీహెచ్ అనే ఊదారంగు రసాయనం కావాలి. అది 3.94 మిల్లీగ్రాములు 100 మి.లీ. మిథనాల్‌లో వేస్తే 0.1 మిల్లీమోలార్ వస్తుంది. కానీ అంత కొంచెం తూచడంలోనే తేడా వస్తుంది. అందుకే అదే 100 మి.లీ.లో 19.7 మిల్లీగ్రాములు కరిగించి, అయిదు రెట్లు పలుచన చేస్తాను. ఏ రోజుది ఆ రోజే. ఈ ద్రావణం 3 మి.లీ., సారం 1 మి.లీ. కలిపి అరగంట చీకట్లో ఉంచి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 517 నానోమీటర్ల దగ్గర రంగు గాఢత చదవాలి. ఊదా రంగు పసుపులోకి తిరుగుతుంది. ఆకు పచ్చదనం, మద్ది బెరడు ఎరుపు కూడా రీడింగులోకి వస్తాయి. సారానికి ఉత్త మిథనాల్ కలిపిన బ్లాంక్ తీసేయకపోతే అసలున్న బలం కంటే తక్కువ కనిపిస్తుంది. అన్ని మోతాదులకూ రంగు 90 శాతం పైనే తగ్గుతుంటే ఐసీ50 (రంగును సగానికి తగ్గించే మోతాదు) లెక్కకు రాదు, ఇంకా పలుచన చేయాల్సిందే. పోల్చుకోవడానికి పక్కన ఆస్కార్బిక్ ఆమ్లం (విటమిన్ సి) ఉండాలి.

రెండోది, పక్క మొక్కను అణిచే గుణాన్ని విత్తనాల మొలక మీద చూసే పరీక్ష; ఎక్కువ తప్పులు ఈ విత్తనాల దగ్గరే జరుగుతాయి. పెట్రీ ప్లేటులో ఫిల్టర్ కాగితం మీద సారం పోసి, మిథనాల్ వాసన పూర్తిగా పోయేదాకా ఆరనిచ్చి, అప్పుడు 5 మి.లీ. డిస్టిల్డ్ నీళ్లు పోయాలి. కంట్రోల్ ప్లేటుకు కూడా అంతే మిథనాల్ పోసి ఆరబెట్టాలి. లేదంటే విత్తనాన్ని చంపింది చెట్టా, మిథనాలా తేలదు. బోరు నీళ్లు అసలు వాడొద్దు. మన దగ్గర ఫ్లోరైడ్, ఉప్పు రెండూ ఎక్కువ.

లెట్యూస్ విత్తనాలు వాడమని అందరూ రాస్తారు. అవి 30 డిగ్రీలు దాటితే సరిగ్గా మొలవవు. మే నెలలో 25 డిగ్రీల ఇంక్యుబేటర్ లేకుండా వాటి జోలికి పోకండి, కంట్రోలే పడుకుంటుంది. ఒక శాతం సోడియం హైపోక్లోరైట్‌లో కడగకపోతే బూజు పడుతుంది, సారంలోని చక్కెరలు దానికి మేత. మొలక శాతం కంటే వేరు పొడవు ముందుగా దెబ్బ తింటుంది కాబట్టి గ్రాఫ్ కాగితం మీద వేరు కొలవాలి. మొలవని గింజను సున్నాగా లెక్కించాలా, వదిలేయాలా అన్నది ముందే తేల్చుకోవాలి.

పది శాతం నీళ్ల సారం పోస్తే దాదాపు ఏ చెట్టయినా మొలకను ఆపుతుంది. అది విషం కాకపోవచ్చు, ఉత్త గాఢతే కావచ్చు. సారం ఆస్మాటిక్ ఒత్తిడి (గాఢత వల్ల నీటిని లాగే బలం) కొలిచి, అంతే ఒత్తిడి ఉన్న మానిటాల్ (చక్కెర లాంటి పదార్థం) ద్రావణంతో ఇంకో కంట్రోల్ పెడితే అసలు సంగతి బయటపడుతుంది. డీపీపీహెచ్‌లో మొదట నిలిచిన సారం ఇక్కడా మొదట నిలవాలని లేదు.

వయ్యారిభామ మీద పనిచేస్తుందా అని రైతులు అడుగుతారు. ప్లేటు చూసి జవాబు చెప్పకూడదు. చల్క (ఎర్ర ఇసుక) మట్టి కుండీలో చూడాలి. అక్కడా ఆకుపొడిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నత్రజనిని లాక్కుంటే మొక్క గిడసబారుతుంది. అందుకే అంతే మోతాదు వరిగడ్డి పొడి కలిపిన కుండీ ఒకటి పక్కన పెడతాను.