చెరువు వలలో కొండచిలువ: నా అనుభవం

మా రొయ్యల చెరువు గట్టు చుట్టూ కట్టిన నీలం వలలో చిక్కిన కొండచిలువను నిన్న సాయంత్రం అటవీ శాఖ వాళ్ళు పట్టుకెళ్ళారు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

పామేదో పోల్చుకోవడం నాకు నిమిషం పని. కాపలా కుర్రాడు "రక్తపింజరండీ బాబూ" అంటూ కర్ర ఎత్తాడు. ఆగరా అన్నాను. రక్తపింజర వీపు మీద మచ్చలు గొలుసు కట్టినట్టు వరసగా ఉంటాయి. కొండచిలువ మచ్చలు వంకరటింకర, ఒకదానికొకటి పొంతన ఉండదు. పైగా ఇది తొమ్మిదడుగుల పైనే, రక్తపింజర అందులో సగం పెరిగితే గొప్ప. మా ఊళ్ళో ఈ తేడా చెప్పగలిగేవాడిని నేనొక్కడినే. పిల్ల పాము విషయంలో మాత్రం ఇలాంటి ధీమా వద్దు, దూరంగా ఉండండి.

పందికొక్కునో దేన్నో మింగి, వల చిరుగులోంచి దూరబోయి, పొట్ట ఉబ్బు దగ్గర ఇరుక్కుపోయింది. ఆ స్థితిలో లాగితే మింగింది కక్కేస్తుంది. విషం లేదు గానీ పళ్ళు లోపలికి వంగి ఉంటాయి, కరిస్తే రక్తం కారుతుంది.

ఇక ఫోన్లు. ఒక ఆఫీసులో "మీ మండలం మా కిందకి రాదండి" అన్నారు. ఇంకో చోట "విషం లేదంటున్నారుగా, మీరే తీసి వదిలేయండి" అన్నారు. సరే, వల కొయ్యబోతుంటే మూడో ఆయన ఫోన్ చేసి "ముట్టుకుంటే కేసే, మొదటి షెడ్యూలు జంతువు" అన్నాడు. చట్టం నిజమే. మొదటి షెడ్యూలంటే 1972 వన్యప్రాణి చట్టంలో ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితా, అందులో ఉన్న కొండచిలువను చంపితే 3 నుంచి 7 ఏళ్ళ జైలు. అయితే ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా!

మధ్యాహ్నం దాటాక అటవీ శాఖ నుంచి ఒకాయన బండి దిగాడు. పాము వైపు చూడనైనా లేదు. ఊరంతా గట్టు మీద నిలబడి ఉండగా నన్ను పట్టుకుని "తోలు కోసం వల పన్నావా?" అన్నాడు. ఏకవచనంలో! మా నాన్నగారు పక్కనే ఉన్నారు, తల దించుకున్నారు. ఆధార్ అడిగాడు, పొలం పాసుపుస్తకం అడిగాడు. కాగితం మీద "నేను పట్టుకున్న కొండచిలువ" అని రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టను, "నా వలలో చిక్కుకున్న" అని రాయండి అన్నాను. "చదువుకున్నోడివి, నీకే తెలుసా?" అని వెటకారం. ఆయ్, తెలుసండి అన్నాను. కుర్రాడు పొద్దున తీసిన వీడియో చూపించాక మారు మాట్లాడకుండా తిరగరాశాడు. కాబట్టి పాము కనపడగానే వీడియో తీయండి, కాగితం చదవనిదే సంతకం పెట్టకండి.

పాములు పట్టే అబ్బాయి వచ్చి వల కోసి సంచిలో వేసుకోవడం చిటికెలో అయిపోయింది. తోక మొదట్లో రెండు చిన్న గోళ్ళు చూపించి, ఇవి ఒకప్పటి వెనక కాళ్ళండీ అన్నాడు. ఆడది ఎండాకాలంలో గుడ్లు పెట్టి రెండు నెలలు చుట్టుకునే కూర్చుంటుందట, ఒళ్ళు వణికించి మరీ వాటిని వెచ్చబెడుతుందట. గడ్డిమేట్లు కదిపేవాళ్ళు చూసుకోండి. ఎలకలు వరి కొట్టేస్తున్నాయని మందులు కొనేవాళ్ళే, ఎలకల్ని తినే దాని మీద కర్ర ఎత్తుతారు, ఏం చెప్తాం!

కోసిన వల మేర కొత్తది కట్టించాలి. దానికి డబ్బులెవరిస్తారని అడిగితే ఆ అటవీ శాఖ ఆయన బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.