ఖాళీగా తిరిగొచ్చే బండికి ఏ షాకులు వేయాలి?

మామిడి సీజన్ మొదలయ్యే లోపల బండి వెనక షాక్ అబ్జార్బర్లు మార్చేయాలని ఉగాదికే అనుకున్నాను. మాది బొలేరో పికప్, 1.7 టన్నుల రకం, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పాకాల చుట్టుపక్కల తోటల నుంచి కాయ దామలచెరువు మండీకి తోలతాను. తోతాపురి ఊపందుకున్నాక చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు. సీజన్ కానప్పుడు మదనపల్లె టమాటా, కూరగాయలు, ఎవరైనా పిలిస్తే ఇల్లు మారే సామాను. ఈ బాడుగలన్నిటికీ ఒకటే తంతు: పోయేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా. షాకుల మాటొస్తే అందరూ పోయేటప్పటి సంగతే చెబుతారు. నా బాధంతా వచ్చేటప్పటిది.

షాపుకెళ్ళి లోడు బండి అని చెబితే చాలు, ‘హెవీ డ్యూటీ ఉంది సార్, రాయి మాదిరి ఉంటుంది’ అని అట్టపెట్టె తీసి ముందు పెడతారు. కానీ బరువు మోసేది షాకు కాదు, కమాన్ కట్ట, అంటే ఇరుసు దగ్గర ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు పట్టీల స్ప్రింగు. టన్నున్నర కాయ ఎక్కితే వంగేది పట్టీలు. వంగిన పట్టీ మళ్ళీ లేస్తుంది, లేచింది మళ్ళీ దిగుతుంది. ఆ ఊగులాటను ఆపడం వరకే షాకు పని. లోపల పిస్టన్ నూనెలో కదులుతుంది, నూనె సన్నటి రంధ్రాల్లోంచీ వాల్వు బిళ్ళల సందుల్లోంచీ దూరి అవతలికి పోవాలి. అలా దూరడానికి పడే కష్టంలోనే ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. వెనక షాకులు రెండూ విప్పి పక్కన పెట్టినా నిలబడిన బండి ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. నమ్మకపోతే మెకానిక్ షెడ్డులో ఒకసారి చూడండి.

అసలు పోయాయా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి. కారుకైతే మూల మీద చేతులు పెట్టి నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగుతుందో చూస్తారు. ఖాళీ పికప్ వెనక భాగాన్ని అలా నొక్కితే మన నడుమే పోతుంది, పట్టీ కదలదు. మా షెడ్డు భాయ్ చెప్పిన ఉపాయం వేరే. భాకరాపేట ఘాట్ దిగి, ఎగుడుదిగుడు రోడ్డు మీద కాస్త తోలాక బండి పక్కకు ఆపి, చెయ్యి వెనక్కి తిప్పి షాకు గొట్టానికి ఆనించి చూడమన్నాడు. పని చేస్తున్న షాకు వెచ్చగా ఉంటుంది. పని చేయనిది చల్లగా ఉంటుంది. సైలెన్సర్ దగ్గరది ఎట్లాగూ వేడెక్కుతుంది కాబట్టి దాన్ని చూసి మోసపోవద్దన్నాడు. మా బండికి అవతలిది చల్లగా, దుమ్ము అంటుకుని జిడ్డుగా ఉంది. గొట్టం పైభాగంలో సన్నగా తడి ఉంటే కంగారు అక్కర్లేదు, సీలు దగ్గర ఆ మాత్రం ఉంటుంది. నూనె కిందిదాకా చారగా కారి, దాని మీద మట్టి పేరుకుందంటే ఇక దాని కథ అయిపోయినట్టే. ఆ వైపు టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమిరితే అలలు అలలుగా తగిలింది. చక్రం నేలను అంటిపెట్టుకోకుండా ఎగిరెగిరి పడిందనడానికి గుర్తు అది. రెండు షాకులూ కలిపినా ఒక టైరు ధర కాదు, అందుకే ఆ టైరు చూశాక ప్రాణం ఉసూరుమంది.

ఇంకో తలనొప్పి కూడా ఉండేది. వెనక షాకు పై బుష్, అంటే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు, ఊరికే నలిగిపోయేది. కొత్తది వేస్తే కొన్నాళ్ళకే మళ్ళీ టకటక. ఇది షాకు నాణ్యత గొడవ కాదని నాకు ముందునుంచీ అనుమానం. అందుకే కొనేముందు టేపు పట్టుకుని బండి కిందికి దూరాను. పై బోల్టు నడిమి నుంచి కింది బోల్టు నడిమికి ఎంతుందో ఖాళీ బండికి ఒకసారి, దామలచెరువులో కాటా వేయించాక నిండు బండికి ఒకసారి కొలిచాను. హమాలీలు నవ్వారు, నవ్వనీ. ఖాళీకి పంతొమ్మిదిన్నర అంగుళాలు, లోడుకి పదహారు. విప్పిన పాత షాకును పూర్తిగా లాగి చూస్తే ఇరవైన్నర, నొక్కితే పన్నెండున్నర.

లెక్క అక్కడే దొరికింది. ఖాళీ బండి మామూలుగా నిలబడినప్పుడే షాకు దాదాపు చివరిదాకా సాగి ఉంది. ఇంకా సాగడానికి ఉన్నది ఒక్క అంగుళం. గుంట రాగానే చక్రం కిందికి జారబోతుంది, షాకేమో ఇక సాగదు. అప్పుడు ఇరుసు మొత్తం షాకుకే వేలాడుతుంది. పట్ మని వచ్చే ఆ గుంజుడుకు బుష్ నలుగుతుంది, సీలు పోతుంది. కారణం ఏమిటంటే, పాత ఓనరు ఓవర్‌లోడు టమాటా తోలడానికి కట్టలో ఒక పట్టీ అదనంగా వేయించాడు. బండి వెనక ఎత్తు పెరిగింది, షాకు మాత్రం కంపెనీ పొడవుదే.

ఇక్కడ మా బావమరిదికీ నాకూ వాదన. వాడికీ పికప్ ఉంది.

“పట్టీ ఉండనీ బావా, పొడుగు షాకు వేయించు. రేపు రెండున్నర టన్నులు ఎత్తాల్సొస్తే?”

“ఎత్తను.”

“అందరూ ఎత్తుతున్నారు కదా?”

ఎత్తుతున్నారు, నిజమే. 2019లో చట్టం సవరించాక ఓవర్‌లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైగా ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. పైబరువు కూడా అక్కడే దింపాలి, అదొక ఖర్చు. అదీకాక మొగిలి ఘాట్‌లో బ్రేకు మీద అంత బరువుతో దిగడం నా వల్ల కాదు. పొడుగు షాకు వేయడమూ అంత సులువు కాదు. సాగినప్పుడు సరిపోయేది, లోడు పడి పట్టీ వంగి రబ్బరు బంపుకు ఆనేలోపల షాకు పూర్తిగా ముడుచుకుని లోపలే కొట్టుకోవచ్చు. అది ఇంకా చెడ్డ. పట్టీ తీయించేశాను. ఖాళీకి కొలత పద్దెనిమిదికి వచ్చింది. షాకు ఇంకా సాగడానికి రెండున్నర అంగుళాల ఆట మిగిలింది, లోడు పడినా ముడుచుకోవడానికి చాలినంత ఉంది.

ఇక రకం. బాగా గట్టి షాకు లోడు మీద హాయిగానే ఉంటుంది, అందులో అబద్ధం లేదు. ఎంత బరువు పెరిగితే అంత ఊపు, ఆపడానికి అంత పట్టు కావాలి. కానీ అదే పట్టు ఖాళీ బండికి మితిమీరిపోతుంది. పూతలపట్టు–తిరుపతి హైవే మీద ఏమీ తెలియదు. లోపలి రోడ్ల మీద ఖాళీ క్రేట్లతో వస్తుంటే మాత్రం వెనక భాగం గంగిరెద్దు తల మాదిరి ఎగురుతుంది. గట్టి షాకు చక్రాన్ని గుంటలోకి త్వరగా దిగనివ్వదు, దిగేలోపల గుంట దాటిపోతుంది. వానాకాలం తడి రోడ్డు మీద, మలుపులో బ్రేకు తొక్కినప్పుడు ఇది జరిగితే ఏమవుతుందో డ్రైవర్లకు చెప్పక్కర్లేదు. పైగా కమాన్ పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకోవడంలోనే కొంత ఊపు చచ్చిపోతుంది, షాకొక్కటే మోయాల్సిన పని కాదు అది. కాబట్టి కంపెనీ చెప్పిన పార్ట్ నంబరుకు సరిపోయేదే తీసుకున్నాను. అదనపు పట్టీ ఉంచుకునేవాళ్ళకు లెక్క మారుతుంది. పట్టీ గట్టిదైతే అది లేచే విసురూ గట్టిది, దాన్ని పట్టడానికి పైస్థాయి షాకు కావాలి, పొడవు కూడా చూసుకోవాలి.

నూనెదా, గ్యాసుదా? గ్యాసుది అంటే నూనె లేదని కాదు. లోపల నూనెతో పాటు నైట్రోజన్ ఒత్తిడి పెట్టి ఉంటుంది. ఎడతెరపి లేకుండా గతుకుల మీద పోతుంటే నూనెలో బుడగలు పుడతాయి, నురగైన నూనెకు పట్టు ఉండదు. ఆ ఒత్తిడి బుడగలను అణిచిపెడుతుంది. మే నెలలో మన ఎండకి, తోటల బాటలకి గ్యాసుదే మేలని నా అభిప్రాయం. పిస్టన్ నేరుగా బయటి గొట్టంలోనే తిరిగే సింగిల్ ట్యూబు రకం వేడిని ఇంకా బాగా వదులుతుంది, కానీ గొట్టానికి రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది. తోటల్లో తిరిగే బండికి అది నాకు నచ్చలేదు. రెండు గొట్టాల రకమే తీసుకున్నాను.

బ్రాండ్ల మాటకొస్తే గేబ్రియల్ ఇక్కడ అందరికీ తెలిసిన పేరు, మన్రో దొరుకుతుంది, మహీంద్రా సొంత స్పేర్లు ఉండనే ఉన్నాయి. పేరు కంటే అసలుదా నకిలీదా అన్నదే పెద్ద టెన్షన్. తిరుపతిలో ఒక షాపులో ఇచ్చిన జతను కౌంటరు మీదే నిలబెట్టి నొక్కి చూశాను. ఒకటి నెమ్మదిగా పైకొచ్చింది, రెండోది సగంలో ఆగిపోయింది. రెండూ ఒకే పెట్టె, ఒకే హోలోగ్రాం. తిరిగిచ్చేసి వేరే చోట కొన్నాను. గ్యాసు షాకు వదిలితే దానంతటదే చివరిదాకా రావాలి, జతలో రెండూ ఒకే వేగంతో రావాలి. నొక్కడం కంటే లాగడం గట్టిగా ఉండాలి. మధ్యలో ఎక్కడా పట్టు జారకూడదు.

బిగించేటప్పుడు భాయ్ దగ్గరే కూర్చున్నాను. పెట్టెలో పడుకోబెట్టి ఉంచిన షాకులో గాలి తప్పుడు చోటికి చేరుతుంది, అందుకని నిటారుగా పట్టుకుని నిండా లాగి నిండా నొక్కి, అలా కొన్నిసార్లు చేశాకే ఎక్కించాడు. పిస్టన్ కడ్డీని ప్లయరుతో పట్టుకోనివ్వలేదు. గీత పడితే ఆ గీతే సీలును కోసేస్తుంది. బుష్ బోల్టులు జాకీ మీద వదులుగానే ఉంచి, బండి చక్రాల మీద నిలబడ్డాక చివరి బిగింపు బిగించాడు. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ రబ్బరు మెలిపడిన చోటే ఉండిపోయి తొందరగా చిరుగుతుందట.

పాతవి ఇనుప సామాను వాడికి ఇచ్చాను. గ్యాసు రకమైతే కట్టరుతో కోయొద్దని వాళ్ళకు చెప్పి ఇవ్వండి, లోపల ఒత్తిడి ఉంటుంది. తీసిన పట్టీ మాత్రం ఇనుము కింద పోలేదు. మా బావమరిది వచ్చి తన బండికి వేయించుకుంటానని భుజాన పెట్టుకుని పోయాడు. పొడవు కొలుచుకోమని టేపు కూడా ఇచ్చి పంపాను.