నీ పశువుల స్థితి తెలిసికొనుము

“నీ పశువుల స్థితి జాగ్రత్తగా తెలిసికొనుము, నీ మందలయందు మనస్సు ఉంచుము” అంటుంది బైబిల్లోని సామెతల గ్రంథం 27వ అధ్యాయం 23వ వచనం. ప్రార్థన ఊసే లేని ఈ మాటను ఇంటి లెక్కల సలహాగా చదివి దాటిపోతుంటాం. ఊరికి ఎడంగా మందను మేపుకుంటూ, మితంగా మాట్లాడుతూ బతికి, అంతే నిశ్శబ్దంగా కన్నుమూసిన పశుపోషకుణ్ణి సాగనంపే వేళ మాత్రం ఇది ఆయన గురించే రాసినట్టు వినిపిస్తుంది.

స్థితి తెలుసుకోవడమంటే తలలు లెక్కపెట్టడం కాదు. ఆవు సుమారు 280 రోజులు దూడను మోస్తుంది. నెలలు నిండిన ఆవు మందను విడిచి ఒంటరిగా నిలబడితే ఆ రాత్రి ఆయనకు నిద్ర ఉండదు. దూడ నేలమీద పడగానే ముక్కు దగ్గరి జిగురు తుడిచి, ఊపిరి అందుకోకపోతే గడ్డిపరకతో ముక్కుపుటంలో కదిలించి, అది తుమ్మి తల విదిలించాక గాని తాను ఊపిరి పీల్చుకోడు. తొలి గంటల్లోనే ముర్రుపాలు తాగకపోతే దూడకు రోగాలను తట్టుకునే శక్తి చాలదు గనుక, అది తడబడుతూ లేచి పొదుగు అందుకునేదాకా పక్కనే గొంతుకూర్చుంటాడు. దాన్ని మోకరింపు అనడానికి నాకు సంకోచం లేదు.

అయితే, సాకిన చేతులతోనే అమ్మకానికి తోలవలసిన వృత్తి అది. ఆ బరువును ఏ వచనమూ తీసివేయదు.

23వ కీర్తనలోని “పచ్చికగల చోట్ల ఆయన నన్ను పరుండజేయుచున్నాడు” అనే మాట మనకు అందమైన చిత్రం, ఆ పశుపోషకుడికి రోజూ చూసే సంగతి. బెదురు లేనప్పుడే మంద పడుకుని నిదానంగా నెమరు వేస్తుంది. ఆ కీర్తన మొదటి మూడు వచనాలలో దేవుణ్ణి “ఆయన” అంటుంది. గాఢాంధకారపు లోయ వచ్చేసరికి “నీవు నాకు తోడై యుందువు” అని ఎదుట నిలిచినవానితో మాట్లాడుతుంది. జీవితమంతా దేవుని గురించి పెద్దగా మాట్లాడని మనిషి చివరి ఘడియలో దేవునితోనే మాట్లాడి ఉంటాడని నేను నమ్ముతాను.

సమాధి కార్యక్రమం ఎంతసేపు సాగినా మందకు మేత వేయక తప్పదు. ఆ సాయంత్రం కొడుకు దొడ్డి తలుపు తీస్తే పశువులన్నీ ఒక్కసారి తలలెత్తి, అతని వెనక ఇంకెవరైనా వస్తున్నారేమో అన్నట్టు చూస్తూ నిలబడతాయి.