హాంకాంగ్‌లో ఆదివారం, అట్టపెట్టెల గదుల మధ్య

హాంకాంగ్ వెళ్ళే భారతీయులకు వీసా అక్కరలేదని మనవాళ్ళు ధీమాగా చెబుతుంటారు గాని, 2017 జనవరి నుంచి ముందస్తు నమోదు తప్పనిసరి అయిందన్న సంగతిని టికెట్టు కొన్న తరువాత గాని గుర్తు చేయరు. వివరాలన్నీ నింపి మీట నొక్కగానే, నన్ను రానివ్వవచ్చో లేదో యంత్రమే క్షణంలో తేల్చివేసింది. రుసుము లేదు కాబట్టి సణగడానికి కూడా వీలు లేకపోయింది. సైబర్‌పంక్ అనే తరహా సైన్స్ ఫిక్షన్ కథలకు రూపురేఖలిచ్చిన వీధులను చూడాలని బయలుదేరిన నాకు, అటువంటి కథ ఒకటి ఇంట్లో కూర్చునే మొదలైనట్లు అనిపించింది.

విమానాశ్రయం నుంచి ఏ21 బస్సు పై అంతస్తులో ముందు సీటు దొరికింది. దారి పొడవునా ఆ సాహిత్యాన్ని నెమరువేసుకుంటూ కూర్చున్నాను. సైబర్‌పంక్ అనే పేరును 1983లో అచ్చయిన తన కథకు శీర్షికగా పెట్టినవాడు బ్రూస్ బెత్కీ. ఆ పేరుకు తగిన లోకాన్ని కట్టి చూపించినవాడు 1984లో ‘న్యూరోమాన్సర్’ రాసిన విలియం గిబ్సన్. యంత్రాలు ఎంత ఎదిగినా బతుకులు మాత్రం నేలబారుగానే మిగిలిపోయే లోకమది. ఈనాడు పోలీసు శాఖల పేర్ల ముందు కూడా చేరిపోయిన ‘సైబర్’ వెనుక గిబ్సన్ 1982 నాటి కథలో కంప్యూటర్ల లోపలి లోకానికి వాడిన ‘సైబర్‌స్పేస్’ అనే మాట నీడ ఉంది; 2021లో ఫేస్‌బుక్ సంస్థ తన పేరు మార్చుకున్నప్పుడు ఎత్తుకున్న ‘మెటావర్స్’, అంటే కంప్యూటర్లు కల్పించే ప్రపంచం, నీల్ స్టీఫెన్సన్ 1992లో రాసిన ‘స్నో క్రాష్’ నవలలోది. జాగ్రత్తపడమని రాసిన లోకాన్ని వ్యాపారులు నమూనాగా తీసుకుని కట్టడం మొదలుపెట్టారన్నది ఈ సాహిత్యం విషయంలో నాకున్న పాత కోపం. గిబ్సన్ నవల జపాన్‌లోని చిబాలో మొదలవుతుంది గాని, ఆ తరహా లోకానికి తెరమీద హాంకాంగ్ ముఖాన్ని ఇచ్చిన ఘనత జపాన్ దర్శకుడు మమోరు ఓషీది. 1995 నవంబరులో విడుదలైన ఆయన యానిమేషన్ చిత్రం ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’లోని కల్పిత నగరానికి హాంకాంగే మూలం.

బస చుంగ్‌కింగ్ మాన్షన్స్‌లో. చవక లాడ్జీలతో, దుకాణాలతో నిండిన 1961 నాటి ఆ అయిదు బ్లాకుల, పదిహేడు అంతస్తుల భవనం గురించి ప్రయాణికులకు నేను కొత్తగా చెప్పవలసింది లేదు. ఒక్కొక్క బ్లాకుకు రెండే లిఫ్టులు. ఒకటి సరి అంతస్తులకు, మరొకటి బేసి అంతస్తులకు. రెండింటి ముందూ ఎప్పుడూ వరుసే. గదిలో మంచం దిగితే తలుపు తగులుతుంది, స్నానం కమోడ్ పక్కనే నిలబడి చేయాలి, ఇంతటి వైభవానికి రాత్రికి అయిదు వేల రూపాయలు పైమాటే. కింద తిన్న మసాలా దోసె ఆరువందలు దాటింది. దానిలో మసాలా ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. అయినా కింది అంతస్తు దుకాణాలలో ఫోన్ల కోసం పట్టువదలకుండా బేరమాడే ఆఫ్రికా వ్యాపారులను చూస్తూ నిలబడితే కాలం తెలియలేదు. కంపెనీ ఒకందుకు చేసిన వస్తువును వీధి తన అవసరానికి మలచుకుంటుందన్న గిబ్సన్ ఊహ ఎక్కడి నుంచి పుట్టి ఉంటుందో పుస్తకం కన్నా ఆ దుకాణాలే బాగా చెప్పాయి.

మరునాడు టుయెన్ మా లైనులో సుంగ్ వాంగ్ టోయ్ స్టేషనులో దిగి కౌలూన్ కోట ఊరి స్థలానికి నడిచాను. ఆరున్నర ఎకరాల నేలలో, 1987 లెక్క ప్రకారం, దాదాపు 33,000 మంది నివసించిన చోటది. పక్కనే కాయ్ టాక్ విమానాశ్రయం ఉండడం వల్ల భవనాలు పద్నాలుగు అంతస్తుల దగ్గర ఆగిపోయాయి గాని, లేకపోతే ఇంకా పైకి పోయేవే. బ్రిటిషువారికీ చైనాకూ మధ్య ఎవరి పాలన చెల్లుతుందో తేలని ఆ ఇరుకు సందులలో అనుమతిలేని పళ్ళ వైద్యులూ, చేపముద్దలు తయారుచేసే చిన్న కర్మాగారాలూ, బడులూ, గుడులూ కలిసి బతికాయి. గిబ్సన్ తన 1996 నాటి ‘ఇడోరు’ నవలలో ఆ కోట ఊరినే కంప్యూటర్ల లోపల, అధికారులకు అందని రహస్య నగరంగా తిరిగి నిర్మించాడు.

నేను చూసినది మాత్రం చక్కగా కత్తిరించిన చెట్లూ, చేపల కొలనూ, చదరంగం ఆడుకునే తాతలూ ఉన్న ఉద్యానవనం. కోట ఊరిని 1993లో కూలగొట్టడం మొదలుపెట్టి 1994లో ముగించారు. ఉద్యానవనాన్ని 1995 డిసెంబరులో, అంటే ఓషీ చిత్రం థియేటర్లకు వచ్చిన మరుసటి నెలలో, తెరిచారు. దక్షిణ ద్వారం పునాది రాళ్ళూ, పాత కార్యాలయ భవనమూ, నమూనాగా పోతపోసిన కంచు ఊరూ మిగిలాయి. ఆ కంచు ఊరి పక్కన నల్ల కోట్లు తొడుక్కుని ఫోటోలు దిగుతున్న కుర్రవాళ్ళను చూస్తే నాకు చిరాకు వేసింది. నీళ్ళ కోసం కింది కుళాయి నుంచి పై అంతస్తులకు బిందెలు మోసిన వాళ్ళ ఊరు ఇప్పుడు ఇంకొకరి వేషానికి తెరగా మారింది. నియాన్ బోర్డుల సంగతీ అంతే. భద్రతా నిబంధనల పేరుతో వీధులలో వాటిని చాలావరకు తీసివేశారు. ఒక హోటలు ముందు వేలాడిన నియాన్ ఆవును ఎం ప్లస్ మ్యూజియం దాచుకుంది.

ఆ కోట్ల కుర్రవాళ్ళలో ఒక అమ్మాయి అద్దాల కళ్ళజోడు పెట్టుకుంది. ‘న్యూరోమాన్సర్’లోని మాలీ వేషమన్నమాట. కళ్ళకు అద్దాలు అతికించుకుని, గోళ్ళ కింద కత్తులు దాచుకున్న మాలీ ఎందరికో ఆరాధ్య నాయిక. అయితే ఆ శస్త్రచికిత్సలకు కావలసిన డబ్బును ఆమె ఎలా సంపాదించిందో చాలామంది మరచిపోతారు. స్పృహను ఆర్పివేసి శరీరాన్ని అద్దెకిచ్చే చోట ఆమె పనిచేసింది. గిబ్సన్ ఆ సంగతిని దాచలేదు, కాని అక్కడ ఆగనూ లేదు. ఆగి చూసినవారు స్త్రీలే. జేమ్స్ టిప్‌ట్రీ అనే మగపేరుతో రాసిన ఆలిస్ షెల్డన్, సైబర్‌పంక్ అనే పేరే లేని 1973లో, గదిలో తీగలకు కట్టుబడి కూర్చుని వేరొకచోట ఉన్న అందమైన శరీరాన్ని నడిపించే అనాకారి పిల్ల కథ రాసింది. 1986లో వచ్చిన ‘మిర్రర్‌షేడ్స్’ అనే సైబర్‌పంక్ కథల సంకలనంలో చోటు దొరికిన ఒకే ఒక్క స్త్రీ పాట్ కాడిగన్. ఆమె నవల ‘సిన్నర్స్’ 1992లో ఆర్థర్ సి. క్లార్క్ పురస్కారం పొందింది. 1985లో స్త్రీవాద సిద్ధాంతకర్త డోనా హారవే తన సైబోర్గ్ (మనిషీ యంత్రమూ కలిసిన జీవి) ప్రకటన వ్యాసంలో, యంత్రంతో కలిసిన స్త్రీని కత్తుల గోళ్ళ వీరనారిగా కాక, ఎలక్ట్రానిక్ విడిభాగాలను అమర్చే ఆసియా కార్మికురాలిగా కూడా చూడమన్నది. 1991లో ఆస్ట్రేలియాకు చెందిన వీఎన్‌ఎస్ మాట్రిక్స్ కళాకారిణుల బృందం సైబర్ స్త్రీవాదాన్ని గోడపత్రికలకు ఎక్కించింది.

ఆదివారం స్టార్ ఫెర్రీ పడవలో హాంకాంగ్ దీవిలోని సెంట్రల్‌కు దాటాను. నార్మన్ ఫాస్టర్ రూపకల్పనలో, హారవే వ్యాసం వచ్చిన 1985లోనే పూర్తయిన హెచ్‌ఎస్‌బీసీ కేంద్ర కార్యాలయ భవనాన్ని చూడాలని వెళ్ళాను. ఉక్కు ఎముకలు బయటికి కనిపించే ఆ భవనం కింద అంతస్తు ఖాళీగా, అందరూ నడిచే దారిగా ఉంటుంది. ఆదివారాలు అక్కడ నడవడానికి చోటుండదు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల నుంచి ఇంటిపనికి వచ్చిన స్త్రీలు అట్టపెట్టెలను విప్పి పరిచి, మిగిలిన అట్టలను మోకాలెత్తు గోడలుగా నిలబెట్టి, చెప్పులు బయట విడిచి లోపల కూర్చుంటారు. వంటలూ, పేకాటా, గోళ్ళ రంగులూ, నిద్రా అన్నీ అక్కడే. హాంకాంగ్‌లో ఇంటిపని చేసే విదేశీయులు మూడున్నర లక్షలకు పైగా ఉంటారు. యజమాని ఇంట్లోనే ఉండి తీరాలన్నది నిబంధన కాబట్టి, సెలవునాడు తమదంటూ ఒక గది కావాలంటే ఇలా కట్టుకోవలసిందే.

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నుంచి వచ్చిన ఒకావిడ, చెప్పులు విడిచి లోపలికి రమ్మని నన్ను పిలిచింది. నీళ్ళ సీసాకు ఆనించిన ఫోనులో ఆమె కూతురు వంట చేస్తున్నది. మంట తగ్గించమనీ, వినెగర్ పోసిన వెంటనే కలపవద్దనీ, తమ్ముడిని పొయ్యి దగ్గరకు రానివ్వవద్దనీ ఈవిడ ఇక్కడి నుంచి అరుస్తున్నది. మధ్యలో నాకు మామిడికాయ ముక్కలు అందించింది. ఒక ఊళ్ళో కూర్చుని ఇంకొక ఊళ్ళోని ఇంటిని నడిపించడమంటే టిప్‌ట్రీ కథ గుర్తుకు రాక తప్పదు. కాకపోతే ఈవిడను ఎవరూ అందమైన శరీరంలోకి పంపలేదు. తాను పనిచేసే ఇంటి వంటగదిలో కూడా ఒక కెమెరా ఉందనీ, పగలు దాని ఎదుట పని, రాత్రి ఫోను ఎదుట కాపురం అనీ నవ్వుతూ చెప్పింది.

మా రాజంపేట వైపు కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళిన స్త్రీలు లేని వీధులు తక్కువ. మా చిన్నమ్మ వెళ్ళిన తొలి రోజులలో ఆమె గొంతు క్యాసెట్లలో వచ్చేది. సెలవుకు వచ్చేవారి చేతికి ఇచ్చి పంపిన ఆ క్యాసెట్టును టేపురికార్డరులో పెట్టి మేమంతా చుట్టూ కూర్చునేవాళ్ళం. పిల్లలకు జ్వరం వచ్చిందా అని ఆమె అడిగే సరికి ఆ జ్వరం తగ్గి నెలలు గడిచేవి. ఇప్పుడు వీడియో కాల్ ఉంది. చిన్నమ్మ మాత్రం, దీనివల్ల ఇంటి దగ్గర గొడవ జరుగుతున్నప్పుడే చూడవలసి వస్తున్నదని విసుక్కుంటుంది.

నేను ఏ పని మీద వచ్చానని ఆవిడ అడిగితే సైబర్‌పంక్ గురించి చెప్పాను. ఆవిడకు ఆ మాట తెలుసు. యజమాని కొడుకు ‘సైబర్‌పంక్ 2077’ ఆడతాడట; తలుపు వేసుకుని ఆడుతుంటే అన్నం ప్లేటు లోపలికి ఇచ్చేది ఈవిడే. ఆ ఆటలో అన్నం ప్లేటు తెచ్చేవాళ్ళు ఉంటారా అని అడిగింది. నేను చదివిన పుస్తకాలను వరుసగా తలచుకున్నాను. హ్యాకర్లూ, కిరాయి హంతకులూ, ఒళ్ళు అద్దెకిచ్చిన స్త్రీలూ గుర్తుకు వచ్చారు గాని, గదులు ఊడ్చే మనిషికి పేరున్న పుట ఒక్కటీ గుర్తుకు రాలేదు. అదే చెప్పాను. రాసేవాళ్ళ ఇళ్ళు ఎవరు ఊడుస్తారో కనుక్కోమన్నది.

చిన్నమ్మ సంగతి వినగానే ఆవిడ జీతం అడిగింది. 2016లో కువైట్ ఇంటిపనికి కనీస వేతనం నెలకు 60 దీనార్లుగా ప్రకటించిందని చెప్పాను. ఫోనులో కూతురిని ఒక నిమిషం ఆగమని, లెక్కకట్టి, పదిహేను వందల హాంకాంగ్ డాలర్లేనా అని పక్క అట్టగదికి వినిపించేలా అరిచింది. హాంకాంగ్‌లో 2024 సెప్టెంబరులో నిర్ణయించిన అప్పటి కనీస వేతనం నెలకు 4,990 హాంకాంగ్ డాలర్లు. పక్క గదిలోని వాళ్ళకు ఆ తేడా నచ్చలేదు. కువైట్‌లో గదులు పెద్దవిగా ఉంటాయని ఒకరు, ఎంత పెద్దవైనా ఊడవవలసింది మనమే కదా అని మరొకరు వాదులాడుకున్నారు. వారపు సెలవు ఉందా అని ఆవిడ అడిగింది. చట్టంలో ఉందనీ, మా చిన్నమ్మ పనిచేసే ఇంట్లో మాత్రం శుక్రవారమే చుట్టాలు ఎక్కువగా వస్తారనీ చెప్పాను.